ఇంజినీరింగ్ తొలి ఏడాదిలో సమాజ సేవా అభ్యసనం: ఎర్రుపాలెం సరిహద్దు నుంచి

సమాజ సేవా అభ్యసనం అంటే ఊరికి వెళ్లి నాలుగు రోజులు శ్రమదానం చేసి రావడం కాదు. ఇల్లిల్లూ తిరిగి సర్వే ఫారాలు నింపి రికార్డు రాసుకురావడమూ కాదు. విద్యార్థి చేసిన పని ఎవరికైనా నిజంగా అక్కరకు రావాలి, ఆ పని అతని పాఠ్యాంశంతో ముడిపడి ఉండాలి, చేసినదాన్ని తర్వాత తీరిగ్గా కూర్చుని నెమరు వేసుకోవాలి. ఈ మూడూ కలిసి ఉంటేనే ఆ పేరు దానికి తగుతుంది. మొదటిది జారితే మిగిలేది రికార్డు పుస్తకం, రెండోది జారితే సేవా శిబిరం, మూడోది జారితే విహారయాత్ర. ఇంజినీరింగ్ కళాశాలల్లో ఇది పై తరగతుల వ్యవహారంగానే చలామణి అవుతోంది. ముందు సబ్జెక్టు రావాలి, తర్వాత సమాజానికి ఉపయోగపడాలి అన్న వరస ఎవరికైనా సబబుగానే తోస్తుంది. ఈ వ్యాసం వాదన దానికి ఎదురు. ఊరితో పరిచయం మొదలు కావలసింది తొలి ఏడాదిలోనే. అప్పటికి విద్యార్థికి ఇంజినీరింగ్ రాదు కాబట్టే అది తగిన సమయం. అయితే ఇది ఫలించాలంటే మార్గదర్శి, అంటే కళాశాల భాషలో మెంటర్, తన పనిని వేరుగా అర్థం చేసుకోవాలి. పిల్లల చేత ఏదో ఒక పరికరం చేయించడం ఆయన పని కాదు. పరిష్కారం తొందరపడి పుట్టకుండా ఆపడం ఆయన పని.

ఈ విషయాన్ని ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం దగ్గర నిలబడి చూడటానికి కారణం ఉంది. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో మధిర దాటాక తెలంగాణ గడ్డ మీద చివరగా తగిలే మండల కేంద్రం ఇది. జమలాపురం వేంకటేశ్వరుడి గుడికి వచ్చేవాళ్లకు తెలిసిన పేరు. గంగినేని వైపు అడుగు పెడితే ఆంధ్రప్రదేశ్, 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లా. ఊళ్ల మధ్య చుట్టరికాలు, కూలీల రాకపోకలు, మిరప నారు, అన్నీ గీత దాటి సాగుతూనే ఉంటాయి. పాఠ్యప్రణాళిక మాత్రం గీత దగ్గర మారిపోతుంది. ఇక్కడి కుర్రాడు ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో చేరితే ఒక సిలబస్, పొరుగునే మైలవరంలో 1998 నుంచి ఉన్న లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజినీరింగ్ కళాశాల వంటి చోట చేరితే ఇంకో సిలబస్. ఒకే కాలువ కింద పొలాలున్న రెండు ఇళ్ల పిల్లలు ఊరి గురించి ఎప్పుడు, ఎన్ని గంటలు నేర్చుకోవాలన్నది రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా వ్యవస్థలు విడివిడిగా నిర్ణయిస్తున్నాయి. అడవి ఇక్కడికి దగ్గర కాదు. ఈశాన్యంగా సత్తుపల్లి, అశ్వారావుపేట దాటి భద్రాచలం వైపు పోతే మొదలవుతుంది. అక్కడి సంగతి వేరు, తర్వాత వస్తుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అనుభవం నుంచి చదువు పుట్టాలని అమెరికాలో జాన్ డ్యూయీ వాదిస్తున్న కాలంలోనే, 1937 అక్టోబరులో వార్ధా సమావేశంలో గాంధీజీ నయీ తాలీమ్‌ను దేశం ముందు పెట్టారు. చేతిపని ద్వారా చదువు అన్నది దాని సారం. 1964-66 నాటి కొఠారీ కమిషన్ అన్ని దశల చదువుల్లోనూ సమాజ సేవ భాగం కావాలంది. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. మన ఎన్ఎస్ఎస్ అదే. 'సర్వీస్ లెర్నింగ్' అన్న మాట మాత్రం అమెరికా దక్షిణాది రాష్ట్రాల విద్యామండలిలో పనిచేసిన రాబర్ట్ సిగ్మన్, విలియం రామ్సేలు 1967లో వాడుకలోకి తెచ్చినది. ఇంజినీరింగ్‌లో దానికి ఒక స్థిరమైన రూపం ఇచ్చింది పర్‌డ్యూ విశ్వవిద్యాలయం. ఎడ్వర్డ్ కోయిల్, లియా జేమీసన్ 1995లో అక్కడ ఎపిక్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. తర్వాత విలియం ఓక్స్ తోడయ్యారు. 2005లో ఈ ముగ్గురికీ అమెరికా జాతీయ ఇంజినీరింగ్ అకాడమీ గోర్డన్ బహుమతి ఇచ్చింది. ఎపిక్స్ తెచ్చిన అసలు మార్పు జట్టు కూర్పులో ఉంది. ఫస్టియర్ నుంచి ఫైనలియర్ దాకా అందరూ ఒకే జట్టులో ఉంటారు, జట్టు ఒకే సంస్థతో ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఒకరు చదువు ముగించి వెళ్లిపోయినా ప్రాజెక్టు ఉంటుంది. ఎన్ఎస్ఎస్ ఇంత విస్తరించినా దానికి పాఠ్యాంశంతో ముడి పడలేదు. ఎపిక్స్‌కు ఆ ముడి ఉంది, మన దేశపు విస్తృతి లేదు. మన కళాశాలలు ఈ రెండింటి మధ్యా ఎక్కడో నిలబడ్డాయి.

విధానాల పరంగా చూస్తే 2014 నుంచి చాలానే జరిగింది. 2014 జూన్‌లో భారత్ ఇంజినీరింగ్ పట్టాల పరస్పర గుర్తింపు కోసం ఉన్న వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యదేశమైంది. దానితో సమాజం, నీతి, జట్టుపని వంటివి ఇంజినీరింగ్ పట్టా లక్ష్యాల జాబితాలో గట్టిగా చోటు చేసుకున్నాయి. అదే ఏడాది ఢిల్లీ ఐఐటీ సమన్వయంతో ఉన్నత్ భారత్ అభియాన్ వచ్చింది. 2018 ఏప్రిల్‌లో దాని రెండో దశ మొదలైంది, ఒక్కో విద్యాసంస్థ ఐదేసి ఊళ్లను ఎంచుకోవాలంది. ఏఐసీటీఈ తొలి ఏడాది విద్యార్థులకు మూడు వారాల ప్రవేశ కార్యక్రమం పెట్టి, ఇరవై మందికో అధ్యాపకుణ్ణి మెంటర్‌గా ఉంచాలని సూచించింది. చదువు పూర్తయ్యేలోగా 100 కార్యాచరణ పాయింట్లు సంపాదించాలన్న నియమమూ తెచ్చింది. ఇక సరిహద్దుకు అటూ ఇటూ. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి డిగ్రీ విద్యార్థులకు తొలి ఏడాది చివర 180 గంటల సమాజ సేవా ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. ఇంజినీరింగ్‌లో ఆర్23 నిబంధనల ప్రకారం రెండో ఏడాది అయ్యాక వేసవిలో 8 వారాలు. ఫస్టియర్‌లో ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ, సమాజ సేవ అన్నీ కలిపి ఒక ల్యాబ్ అంశం ఉంది, దానికి అర క్రెడిట్. ఇటు హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్22లో క్షేత్ర ప్రాజెక్టుకు రెండో ఏడాది రెండో సెమిస్టర్‌లో 2 క్రెడిట్లు. తేడాలెన్ని ఉన్నా ఇంజినీరింగ్ వరకు రెండు రాష్ట్రాలూ ఒక విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నాయి. అసలైన పని రెండో ఏడాదికి, తొలి ఏడాదికి లాంఛనం. ఆ అర క్రెడిట్‌ను చూస్తే పెళ్లిభోజనంలో ఆకు చివర వేసిన ఉప్పు గుర్తొస్తుంది. లేకపోతే లోటు, ఉందని ఎవరూ దాన్ని తినరు.

ఫస్టియర్ పిల్లలకు ఏమీ రాదు కదా, వాళ్లు ఊరికి ఏం చేస్తారన్నది తొలి ఆక్షేపణ. ఇది తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. ఇంటర్ రెండేళ్లు ఒకప్పుడు ఎంసెట్ అనిపించుకున్న ఈఏపీసెట్ కోసం గోడలమధ్య గడిపి వచ్చినవాళ్లకు పొలం గట్టు మీద నడవడమే కొత్త కావచ్చు. పల్లె నుంచి వచ్చినవాళ్లయినా ఆ రెండేళ్లు ఊరికి దూరంగా హాస్టల్లోనే గడిపి ఉంటారు. అయినా ఎదురు సాక్ష్యం ఒకటుంది. ఎరిన్ సెక్ అనే సామాజిక శాస్త్రజ్ఞురాలు అమెరికాలోని నాలుగు కళాశాలల్లో మూడు వందల మందికి పైగా ఇంజినీరింగ్ విద్యార్థులను ప్రవేశం నుంచి పట్టా తర్వాత దాకా గమనించి 2014లో ఫలితాలు ప్రకటించారు. వృత్తి బాధ్యత, యంత్రాలను జనం ఎలా వాడుతున్నారన్న ఆసక్తి, సాంకేతికత పర్యవసానాల మీద పట్టింపు, ఇవన్నీ చదువు సాగేకొద్దీ పెరగలేదు, తగ్గాయి. చేరినరోజు ఉన్నంత శ్రద్ధ బయటికొచ్చే రోజుకు లేదు. అది అమెరికా సంగతి, మన పిల్లల మీద అంతే కచ్చితంగా రుద్దలేం. కానీ ఆ నష్టానికి ఆమె చూపిన కారణం మనకూ పరాయిది కాదు. సమస్యలోంచి మనుషులను తీసేసి లెక్కను మాత్రమే మిగల్చడాన్ని 'టెక్నికల్' అనీ, మనుషులను చేర్చడాన్ని 'మాటలు' అనీ విడదీసే అలవాటు అది. ఆ అలవాటు గట్టిపడ్డాక మూడో ఏడాదిలో ఊరికి పంపితే విద్యార్థి ఊరిని చూడడు. తనకు వచ్చిన సర్క్యూట్‌ను ఎక్కడ బిగించాలా అని చూస్తాడు.

ఏమీ రాదన్నదీ పూర్తి నిజం కాదు. ఎర్రుపాలెం, మధిర, బోనకల్లు ప్రాంతంలో మిరప ప్రధానమైన పంటల్లో ఒకటి. పండినది ఎక్కువగా ఖమ్మం మార్కెట్ యార్డుకు పోతుంది. అక్కడ పొద్దున్నే జెండా పాట పాడి ఆనాటి ధర తేలుస్తారు. కోసిన కాయను కల్లంలో ఆరబెట్టి తేమ 10, 11 శాతానికి తేవాలి. వాన తగిలినా, మంచు కురిసినా రంగు పోయి తాలు అవుతుంది, ధర సగానికి పడిపోతుంది. ఫస్టియర్ జట్టు ఒకటి ఈ కల్లం దగ్గరికి వెళ్లిందనుకుందాం. గంట తిరక్కుండానే వాళ్ల నోట 'సోలార్ డ్రయ్యర్' అన్న మాట వస్తుంది. ప్రాజెక్టు ఎక్స్‌పోలో అది బాగుంటుంది, ఫొటో బాగా వస్తుంది, మార్కులూ వస్తాయి. ఇక్కడే మెంటర్ అవసరం పడేది. ఆయన అడగవలసింది డ్రయ్యర్‌లో ఏ గాజు వాడతారని కాదు, ఎకరాకు ఎంత పండుతుందని. మంచి పంటైతే ఇరవై క్వింటాళ్లు, అంటే 2,000 కిలోల ఎండు కాయ. విద్యార్థులు చేయగలిగిన డ్రయ్యర్‌లో ఒక విడతకు 20 కిలోలు ఎండుతుందనుకుందాం, విడతకు రెండు రోజులు పడుతుందనుకుందాం. వంద విడతలు, రెండు వందల రోజులు, ఒక్క ఎకరానికి. కల్లంలో నేల మీద పోస్తే మొత్తం రెండు వారాల పని. ఈ లెక్కకు కలన గణితం అక్కర్లేదు, ఆరో తరగతి గుణకారం చాలు. కానీ ఈ లెక్క వేయాలని తోచడమే ఇంజినీరింగ్, అది నాలుగేళ్ల సిలబస్‌లో ఎక్కడా పాఠంగా ఉండదు. లెక్క తేలాక జట్టు మళ్లీ కల్లానికి పోతుంది. ఈసారి రైతును వేరే ప్రశ్నలు అడుగుతుంది. అప్పుడు బయటపడేవి పట్టాల కొరత, రాత్రిపూట ఆకాశం మబ్బు పట్టినప్పుడు కాయను కుప్ప చేసి కప్పే మనుషులు దొరక్కపోవడం, కల్లం చుట్టూ నీరు పారే వాలు లేకపోవడం. వీటిలో కొన్నిటికి ఫస్టియర్ చేతులు చాలు. నేల వాలు కొలవడానికి నీళ్లు నింపిన సన్నని పారదర్శక గొట్టం, టేపు ఉంటే సరిపోతుంది. మేస్త్రీలు ఇప్పటికీ మట్టం చూసేది దానితోనే. ఒక్కోసారి జవాబు ఇంజినీరింగ్ పరిధిలోనే ఉండదు. 2021-22లో మిరప పూతను నాశనం చేసిన నల్ల తామర పురుగుకు ఏ పరికరమూ మందు కాదు. 'ఇది మా పని కాదు' అని తేల్చుకుని వెనక్కి రావడాన్ని కూడా ఫలితంగా లెక్కించి మార్కులు వేసే మెంటర్ కావాలి. అలాంటివారు అరుదు, ఎందుకంటే మూల్యాంకన పత్రంలో ఆ గడి ఉండదు.

ఇంకో ఉదాహరణ నీళ్లది. నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో నీళ్లు వదిలిన నాటి నుంచీ ఎడమ కాలువ చివరి భూముల కథ ఒక్కటే. పైవాళ్లకు ముందు, చివరివాళ్లకు మిగిలితే. మధిర, ఎర్రుపాలెం ఆ చివరి వైపు ఊళ్లు. నీళ్లు రావడం లేదన్న ఫిర్యాదు ప్రతి ఏటా ఉంటుంది, ఎంత రావడం లేదన్న అంకె మాత్రం రైతు చేతిలో ఉండదు. కాలువ వెడల్పు, లోతు టేపుతో కొలిచి, ఒక బెండు ముక్కను నీటిలో వదిలి పది మీటర్లు పోవడానికి పట్టిన సెకన్లు లెక్కపెడితే పై పొర వేగం తెలుస్తుంది. దాన్ని 0.85తో గుణిస్తే మొత్తం ప్రవాహపు సగటు వేగం ఉజ్జాయింపుగా వస్తుంది. వేగాన్ని అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో తేలుతుంది. తొలి సెమిస్టర్ భౌతికశాస్త్రం ఇంతకంటే బరువైనది. వారానికోసారి, సీజనంతా, ఒకే చోట కొలిస్తే ఆ పట్టిక ఊరికి ఒక ఆస్తి. కానీ ఆ అంకె అమాయకమైనది కాదు. పై తూము దగ్గర ఎవరు ఎక్కువ వాడుతున్నారో అది చెబుతుంది, ఊరికీ ఊరికీ మధ్య తగవు తెస్తుంది. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాల చరిత్ర చూసినవారికి ఇది వింతగా తోచదు. పద్దెనిమిదేళ్ల పిల్లల చేతికి ఆ అంకెను ఎలా ఇవ్వాలి, దాన్ని ఎవరి ముందు చదవాలి, ఎవరి అనుమతితో చదవాలి అన్నది మెంటర్ తేల్చవలసిన విషయం. కొలత నేర్పేవారు చాలామందే దొరుకుతారు, దాని పర్యవసానాన్ని తనమీద వేసుకునేవారు తక్కువ.

ఊరి అవసరాన్ని తప్పుగా చదివితే పెద్ద శాస్త్రజ్ఞుల పని కూడా ఎలా తేలిపోతుందో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. ఫ్లోరైడ్ నీటికి 1970లలో నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన విధానానికి పేరే నల్లగొండ పద్ధతి. పటిక, సున్నం కలిపి, తేర్చి, వడగట్టడం. రసాయనం పరంగా సరైనదే, ప్రపంచంలో చాలాచోట్లకు వెళ్లింది కూడా. ఇబ్బంది ఎక్కడంటే నీటి స్వభావాన్ని బట్టి రోజూ పటిక మోతాదు మార్చాలి, అడుగున పేరుకున్న మడ్డిని ఎక్కడో పారబోయాలి, ఈ పని ఎవరో ఒకరు ఏళ్ల తరబడి జీతం ఉన్నా లేకపోయినా చేయాలి. చివరికి నల్లగొండకు ఊరట ఇచ్చింది కృష్ణా నీళ్లు, 2016లో మొదలైన మిషన్ భగీరథ గొట్టాలు. దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే కథ ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశంది. బడి చదువు మధ్యలోనే ఆగిన ఆ చేనేత కార్మికుడు, నేతకు ముందు దారం చుట్టే పనిలో, అంటే ఆసు పోయడంలో, తల్లి భుజం పడే బాధ చూసి, ఏడేళ్లు తంటాలు పడి 1999లో లక్ష్మీ ఆసుయంత్రాన్ని పూర్తి చేశాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయనకు డిగ్రీ లేదు, కానీ సమస్య ఇంట్లోనే ఉంది, రోజూ కంటి ముందే ఉంది. ఇలాంటివారిని వెతుకుతూ ఊరూరా నడిచే పల్లె సృజన సంస్థ, విశ్రాంత బ్రిగేడియర్ పి. గణేశం చేపట్టిన చిన్న శోధయాత్రలు, ఫస్టియర్ విద్యార్థికి ఏ ప్రవేశ కార్యక్రమం కంటే మంచి పాఠాలు. నేర్పేవాడు ఎవరు, నేర్చుకునేవాడు ఎవరు అన్న ప్రశ్న అక్కడ తలకిందులవుతుంది.

మెంటర్ ఎవరు కావాలన్న ప్రశ్నకు కళాశాలల జవాబు ఎప్పుడూ ఒక్కటే, అధ్యాపకుడు. ఇరవై మందికి ఒకరన్నది కాగితం మీద బాగానే ఉంటుంది. వారానికి పదహారు పద్దెనిమిది గంటల క్లాసులు, పైన అక్రిడిటేషన్ ఫైళ్లు, అడ్మిషన్ల బాధ్యతలు మోసే సారుకు ఎర్రుపాలెం బస్సెక్కే తీరిక ఉంటుందా అని ఎవరూ అడగరు. మెంటర్ ఒక్కరు కాదు, ముగ్గురు అన్నది నా అభిప్రాయం. అధ్యాపకుడు ఒకరు, ఆయన పని ప్రశ్నలు అడగడం, నెమరు వేయించడం, మార్కులకు బాధ్యత వహించడం. సీనియర్ ఒకరు, పోయిన ఏడాది అదే ఊరికి వెళ్లినవాడు. ఎవరింట్లో మంచినీళ్లిస్తారో, సర్పంచిని ఎప్పుడు కలవాలో, ఏ ప్రశ్న అడిగితే జనం ముఖం తిప్పుకుంటారో అతనికి తెలుసు. మన కళాశాలల్లో సీనియర్‌ను 'అన్నా', 'అక్కా' అని పిలవడం ఈ పనికి సిద్ధంగా ఉన్న పునాది. ర్యాగింగ్ భయంతో, 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం నుంచీ, సీనియర్లకూ ఫస్టియర్‌కూ మధ్య గోడ కట్టడమే రక్షణ అనుకున్నాం, అందుకు కారణాలు లేకపోలేదు. అయితే గోడ వల్ల భయం పోయినా అన్నదమ్ముల వరస కూడా పోయింది. పనిమీద, పట్టపగలు, ఊరి మనుషుల మధ్య కలిసే వీలును ఇలాంటి ప్రాజెక్టు తిరిగి తెస్తుంది. మూడో మెంటర్ ఊరి మనిషి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేసే రైతు కావచ్చు, అంగన్‌వాడీ టీచర్ కావచ్చు, బోర్లు బాగుచేసే మెకానిక్ కావచ్చు. వాళ్ల సమయానికి గౌరవ వేతనం ఇవ్వకుండా 'మీ సహకారానికి కృతజ్ఞతలు' అని రికార్డు చివర రాసేయడం పద్ధతి కాదు. అధ్యాపకుడి గంటకు విలువ కట్టినప్పుడు రైతు గంటకు కట్టకపోవడానికి కారణం వెతికినా దొరకదు.

ఇక్కడ అన్నిటికంటే బరువైన ఆక్షేపణ వస్తుంది. ఊరిని పిల్లల ప్రయోగశాలగా మార్చే హక్కు ఎవరిచ్చారు? 1968లో మెక్సికోలో సేవకని వచ్చిన అమెరికన్ విద్యార్థుల ముందు నిలబడి సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇల్లిచ్ మీ మంచితనంతో మాకు పని లేదు, ఇంటికి పొమ్మని ముఖాన్నే చెప్పాడు. రాండీ స్టోకర్, ఎలిజబెత్ ట్రయాన్‌లు 2009లో తెచ్చిన పుస్తకం సేవ అందుకునే సంస్థల వైపు నుంచి ఇదే ఫిర్యాదు వినిపించింది. సెమిస్టర్‌కు ఓ బృందం రావడం, వాళ్లకు పని నేర్పేసరికి సెలవులు రావడం, వాళ్లు పోవడం. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు, సగం సమాధానం ఉంది. బృందాలు మారినా కళాశాల మారకూడదు, ఊరు మారకూడదు. కనీసం నాలుగేళ్లు ఒకే ఊరు, ఒక బ్యాచ్ నుంచి మరో బ్యాచ్‌కు అప్పగించే పుస్తకం, దాని నకలు పంచాయతీలో. 'ఇది మాకొద్దు' అనే హక్కు గ్రామసభకు ఉండాలి, ఆ హక్కును ఊరు వాడుకున్నందుకు విద్యార్థికి మార్కు పోకూడదు. పనికిరాకుండా పోయినవాటిని కూడా రాసిపెట్టాలి. కెనడాలోని ఇంజినీర్స్ వితౌట్ బార్డర్స్ 2008 నుంచి ఏటా తమ వైఫల్యాల నివేదికను అచ్చువేసింది. మన రికార్డుల్లో విఫలమైన ప్రాజెక్టు ఒక్కటీ కనిపించదు. ఇన్ని వేల ప్రాజెక్టుల్లో ఒక్కటీ బెడిసికొట్టలేదంటే నమ్మేవాళ్లెవరు?

అంతా రికార్డుల మోసమే అవుతుందన్నది మరో ఆక్షేపణ. జిరాక్సు షాపులో పాత రికార్డు దొరుకుతుంది, పేరు మారిస్తే చాలు. నిజమే. నూరు పేజీల నివేదిక అడిగితే వచ్చేది అదే. నివేదిక బదులు ఊరి మనిషి ఎదుట పావుగంట వైవా పెడితే, 'మీ మొదటి ఆలోచన ఏమిటి, దాన్ని ఎందుకు వదిలేశారు' అని అడిగితే, ఆ జవాబు జిరాక్సు కాదు. చదువు దెబ్బతింటుందన్న భయానికి మాత్రం గట్టి అంకెలే ఉన్నాయి. సెలియో, డర్లాక్, డిమ్నికీ 2011లో 62 అధ్యయనాలను, 11,837 మంది విద్యార్థులను కలిపి లెక్కవేశారు. ఐదు రకాల ఫలితాల్లో మెరుగుదల పరిమాణం 0.27 నుంచి 0.43 దాకా వచ్చింది. అన్నిటికంటే ఎక్కువగా పెరిగింది చదువులో ప్రతిభే. ఇది మరీ పెద్ద పెరుగుదల కాదు, కాని నష్టం అన్నవారికి సమాధానం. పాఠ్యాంశంతో ముడి, విద్యార్థి మాటకు విలువ, సమాజానికి పాత్ర, నెమరువేత, ఈ నాలుగూ పాటించిన చోట ఫలితం పెరిగిందన్నది అసలు విషయం. అంతకుముందు 2000లో కాలిఫోర్నియాకు చెందిన ఆస్టిన్ బృందం 22,236 మంది మీద చేసిన అధ్యయనం కూడా ఉత్త సేవ కంటే కోర్సులో భాగమైన సేవ ఎక్కువ పనిచేసిందని, చేసినదాని గురించి మాట్లాడుకునే చోటు ఉండటం అందుకు కీలకమని తేల్చింది. ప్లేస్‌మెంట్ల మాట అంటారా, ఇంటర్వ్యూలో 'మీరు ఎదుర్కొన్న సమస్య చెప్పండి' అన్నప్పుడు నోరు విప్పలేక ఇబ్బంది పడేవాళ్లకు కల్లం లెక్క చెప్పుకోవడానికైనా పనికొస్తుంది.

అడవి వైపు పోతే ఈ సూత్రాలన్నీ మరింత కఠినంగా పరీక్షకు నిలుస్తాయి. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటాయి. ఈ అంకెలు పట్నంలో అందరి ఫోన్లలో ఉంటాయి. లోపలి గుంపుల్లో వాటికి అర్థం వాగు ఎప్పుడు దాటలేమన్నదే, దానికి అడుగుల లెక్క లేదు, ఆ చెట్టు మొదలు మునిగిందా లేదా అన్న లెక్క ఉంది. ఆ రెండు లెక్కలనూ ఒకదానితో ఒకటి కలపడం ఫస్టియర్ జట్టుకు మంచి పని. కాని కోయ భాషలో చెప్పిన మాట తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లిషు రికార్డులోకి వచ్చేసరికి చెట్టు పేరు పోతుంది, 'ఒక స్థానిక చెట్టు' మిగులుతుంది. పోడు భూమి, చెలమ నీళ్లు, వలసవచ్చిన గుత్తికోయల ఇళ్లు, వీటిలో దేని గురించి అడిగినా అటవీ హక్కుల చట్టం నీడ పడుతుంది. సర్వే ఫారం చూడగానే జనం నోరు మూసుకోవడం ఆశ్చర్యం కాదు. అక్కడి నుంచి కళాశాలకు వచ్చిన కోయ విద్యార్థి జట్టులో ఉంటే అతనే మెంటర్ కావాలి. ఫస్టియర్ అయినా సరే.

చివరగా పంచాంగం సంగతి, ఎందుకంటే విధానాలన్నీ చతికిలపడేది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్ ఎనిమిది వారాల ప్రాజెక్టు వేసవిలో జరుగుతుంది. అప్పటికి ఎర్రుపాలెం చుట్టుపక్కల మిరప కల్లాలు ఖాళీ, కాయ మార్కెట్‌కో కోల్డ్ స్టోరేజీకో చేరి ఉంటుంది. సాగర్ కాలువ ఎండి ఉంటుంది. మనుషులు మధ్యాహ్నం ఇళ్లలోంచి బయటికి రారు. కనిపించేది తాగునీరు, ఎండ, కరెంటు కోత. గోదావరి వరద జులై, ఆగస్టుల్లో వస్తుంది, అప్పటికి ఫస్టియర్ కౌన్సెలింగే ముగియదు. కల్లం నిండి ఉండేది జనవరి నుంచి మార్చి, అది సరిగ్గా పరీక్షలు, ల్యాబ్ ఇంటర్నల్స్ జరిగే కాలం. ఫస్టియర్‌కు ఇచ్చిన ఆ అర క్రెడిట్, వారానికి ఒక గంట, ఇక్కడ అనుకోకుండా మేలైనదే కావచ్చు. గంటలన్నీ కలిపి నవంబరు నుంచి మార్చి దాకా నెలకొక పూట ఊరికి వెళ్లేలా మార్చుకుంటే చాలు. పూత, మొదటి కోత, కల్లం, మార్కెట్ అన్నీ వరసగా కంటబడతాయి. మైలవరం నుంచీ, ఖమ్మం నుంచీ వచ్చే రెండు జట్లు ఒకే కాలువ మీద, గీతకు అటొకరూ ఇటొకరూ బెండు ముక్క వదిలి, వచ్చిన అంకెలు ఒకే పుస్తకంలో రాయవచ్చు. దానికి ఏ విశ్వవిద్యాలయం అనుమతీ అక్కర్లేదు, ఇద్దరు అధ్యాపకులు ఒక ఆదివారం ఎర్రుపాలెం స్టేషన్‌లో కలుసుకుంటే సరిపోతుంది.